మెసేజ్ పోయింది

"మెసేజ్ పోయిందా?" అని అడిగాడు మా టీమ్ లీడ్.

"పోయింది అన్నా" అన్నాను, స్క్రీన్ చూస్తూ.

ఈ మాటలు జరిగి రెండేళ్ళవుతోంది. అప్పుడు తట్టలేదు గానీ, నేను చెప్పిన జవాబు రెండు రకాలుగానూ నిజమే. బయల్దేరి వెళ్ళినా మనం పోయిందనే అంటాం, దారిలో తప్పిపోయినా పోయిందనే అంటాం. ఆయన అడిగింది మొదటిది. జరిగింది రెండోది. నా స్క్రీన్ మీద మాత్రం ఆకుపచ్చ రంగులో 'సెంట్' అని ఉంది.

మాది హైదరాబాద్‌లో చిన్న కంపెనీ. డయాగ్నస్టిక్ ల్యాబులకి వెబ్ అప్లికేషన్లు రాస్తాం. రిపోర్టు తయారవగానే దాన్ని పీడీఎఫ్‌గా మార్చి, పేషెంట్ ఫోన్‌కి లింకుతో ఎస్సెమ్మెస్ పంపడం అందులో ఒక చిన్న పని. ఎంత చిన్నదంటే, నేను చేరిన రెండో నెలలోనే అది నాకిచ్చారు. రెండ్రోజుల్లో రాసేశాను. ఏడాదిన్నర పాటు దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడకపోతే అది బాగా పనిచేస్తోందని అర్థం. అలాగే అనుకున్నాను.

ఒక సోమవారం ల్యాబ్ సపోర్ట్‌కి ఫోనొచ్చింది. ఒకావిడ తన తల్లి ముక్క పరీక్ష రిపోర్టు గురించి అడుగుతోంది. సపోర్ట్‌లో ఉండే అమ్మాయి మా అప్లికేషన్ తెరిచి చూసి, "మీకు పోయిన మంగళవారమే మెసేజ్ వచ్చింది కదండీ" అంది. "రాలేదండీ" అంది ఆవిడ. "వచ్చిందండీ, ఇక్కడ చూపిస్తోంది." అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆవిడన్న మాట ఆ కాల్ రికార్డింగులో ఉంది. నేను తర్వాత విన్నాను.

"రాలేదంటే ఏం లేనట్టే కదా అని అమ్మ ఊరుకుందండీ. ఏమన్నా ఉంటే వాళ్ళే చెప్తారు కదే అంది."

ఆరు రోజులు అలా ఊరుకున్నారు.

*

ఆ మెసేజ్ ఏమైందో చెప్పాలంటే మా అప్లికేషన్ లోపల పని ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ళకి తెలిసిందే. మిగతావాళ్ళు ఒక టిఫిన్ సెంటర్ని ఊహించుకుంటే చాలు.

కౌంటర్ దగ్గర డబ్బులిస్తే చీటీ ఇస్తారు. కౌంటర్‌లో మనిషి మీ దోశ అయ్యేదాకా మీతో నిలబడడు. అలా నిలబడితే వెనక లైను రోడ్డు మీదకొస్తుంది. చీటీ లోపలికి వెళ్తుంది, లోపల మాస్టర్ వరసలో దోశలు పోస్తుంటాడు. వెబ్ అప్లికేషన్ కూడా ఇంతే. బటన్ నొక్కిన మనిషిని పీడీఎఫ్ తయారయ్యేదాకా కూర్చోబెట్టకుండా, 'ఈ పని చెయ్యి' అని చీటీ రాసి ఒక క్యూలో పెడుతుంది. వెనకాల వర్కర్లు అనే ప్రోగ్రాములు ఒక్కో చీటీ తీసుకుని పని చేస్తాయి. మేం పైథాన్‌లో రాస్తాం కాబట్టి వర్కర్లని నడిపేది సెలెరీ. చీటీలు పెట్టే డబ్బా రెడిస్.

సెలెరీలో చీటీ రాసే ఫంక్షన్ పేరు 'డిలే'. ఆలస్యం అని పేరు పెట్టుకుని, పిలిచిన క్షణంలో తిరిగొచ్చేస్తుంది. తిరిగొచ్చిందంటే పని అయిందని కాదు. చీటీ డబ్బాలో పడిందని, అంతే. నా కోడ్‌లో ఆ డిలే కింద లైనులోనే స్టేటస్‌ని 'సెంట్' అని మార్చాను. అంటే చీటీ రాసిన మరుక్షణం, దోశ పెనం మీద పడకముందే, 'వడ్డించాం' అని పుస్తకంలో రాసేశాను. ఆ లైను రాసినప్పుడు నా మనసులో ఏముందో గుర్తుచేసుకోవాలని చాలా ప్రయత్నించాను. ఏమీ లేదు. స్టేటస్ ఎక్కడో ఒకచోట మార్చాలి, అక్కడ మార్చాను.

ల్యాబ్ వాళ్ళు ఆ సాయంత్రమే ఆవిడకి రిపోర్టు మళ్ళీ పంపారు. అది ఎలా వచ్చిందో నేను చూడలేదు. నా అకౌంట్‌తో ఆ పీడీఎఫ్ తెరవొచ్చు. మౌస్ దాని మీద పెట్టి, తీసేశాను. నేను వెతకాల్సింది అందులో లేదు.

*

డీబగ్గింగ్ అంటే తప్పు ఎక్కడుందో వెతకడం అనుకుంటాం. ఎర్రర్ ఉంటే లాగ్‌లో దొరుకుతుంది, ఎర్ర అక్షరాల్లో, లైను నంబరుతో సహా. ఇక్కడ ఎర్రర్ లేదు. వర్కర్ చీటీ తీసుకున్నప్పుడు 'రిసీవ్డ్' అని ఒక లైను రాస్తుంది, పని అయ్యాక 'సక్సీడెడ్' అని ఇంకో లైను రాస్తుంది. ఆ మంగళవారం సాయంత్రం 6 గంటల 42 నిమిషాలకి ఆవిడ చీటీ 'రిసీవ్డ్' అని ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. విఫలమైందని కూడా లేదు.

ఉన్నదాన్ని వెతకడానికి వంద పరికరాలున్నాయి. లేనిదాన్ని వెతకడానికి ఒకటే దారి: ఉండాల్సినవన్నీ ఒక జాబితా, ఉన్నవన్నీ ఇంకో జాబితా రాసి, మొదటిదాంట్లోంచి రెండోది తీసెయ్యడం. మూడు నెలల లాగులు దించి అదే చేశాను. 31 చీటీలు మిగిలాయి. 31 మంది. వాళ్ళ టైములు వరసగా పెట్టి చూస్తే విడివిడిగా లేవు, గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఒక సాయంత్రం మూడు, ఇంకో సాయంత్రం రెండు. ఆ సాయంత్రాలన్నీ మేం కొత్త కోడ్ సర్వర్ మీద పెట్టినవి. మంగళవారం 6:42కి పెట్టింది నేనే.

కొత్త కోడ్ పెట్టినప్పుడు పాత వర్కర్లని ఆపి కొత్తవాటిని లేపాలి. ఆపేటప్పుడు ముందు మర్యాదగా చెప్తారు: చేతిలో పని పూర్తిచేసి ఆగిపో అని. దానికి సిగ్‌టెర్మ్ అనే సంకేతం ఉంది. కొంత సమయం చూసి, అప్పటికీ ఆగకపోతే సిగ్‌కిల్ పంపుతారు. అది చెప్పడం కాదు, చంపడమే. ఆ ప్రోగ్రాముకి చివరి మాట రాసే అవకాశం కూడా ఉండదు. మేం వాడే సూపర్‌వైజర్ అనే ప్రోగ్రాం, మనం వేరే చెప్పకపోతే, 10 సెకన్లు ఓపిక పడుతుంది. మామూలు రక్తపరీక్ష పీడీఎఫ్ రెండు సెకన్లలో అయిపోతుంది. ముక్క పరీక్ష రిపోర్టులో మైక్రోస్కోపు ఫొటోలుంటాయి. దానికి పద్నాలుగు, పదిహేను సెకన్లు పడుతుంది.

అంటే పోయిన చీటీల్లో ఎక్కువ భాగం పెద్ద రిపోర్టులే. ఎవరికైతే ఆ మెసేజ్ ఎక్కువ అవసరమో వాళ్ళదే పోయే అవకాశం ఎక్కువ. ఇది ఎవరూ కావాలని చేసింది కాదు. పది అన్న అంకె ఎవరో ఎప్పుడో పెట్టారు, నేను మార్చలేదు.

సరే, వర్కర్ చచ్చిపోయింది, చీటీ ఏమైంది? మళ్ళీ టిఫిన్ సెంటర్‌కి రండి. మాస్టర్ చీటీ ఎప్పుడు చించాలి? చేతిలోకి తీసుకోగానే చించేస్తే, దోశ పోస్తూ కళ్ళు తిరిగి పడిపోయాడనుకోండి, ఆ దోశ బాకీ ఉందని ఇంక ఎవరికీ తెలియదు. వడ్డించాక చించితే, వడ్డించి చించబోయే లోపల పడిపోతే, తర్వాత వచ్చిన మాస్టర్ అదే చీటీ చూసి ఇంకో దోశ పోస్తాడు. సెలెరీకి మనం ఏమీ చెప్పకపోతే మొదటి పద్ధతే పాటిస్తుంది. పని మొదలుపెట్టే ముందే చించేస్తుంది.

కొందరి మెసేజీలు సరిగ్గా గంట ఆలస్యంగా వెళ్ళడం కూడా అప్పుడే అర్థమైంది. వర్కర్ ఒక చీటీ మీద పనిచేస్తూ ఇంకొన్నిటిని చేతిలో పట్టుకుని ఉంటుంది. ఇంకా మొదలుపెట్టని చీటీలు చించలేదు కాబట్టి అవి గంట తర్వాత డబ్బాలోకి తిరిగొచ్చాయి. పెనం మీద ఉన్నదే శాశ్వతంగా పోయింది. ఆ 'గంట' అన్న మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. దొంగ దొరికాడన్న సంతోషంలో ముందుకెళ్ళిపోయాను.

*

దిద్దుబాటు ఒక్క సాయంత్రం పని. వడ్డించాకే చీటీ చించమని సెలెరీకి చెప్పాను. వర్కర్ మధ్యలో చచ్చిపోతే చీటీ తిరిగి డబ్బాలో వెయ్యమన్నాను. సూపర్‌వైజర్ ఓపికని 10 సెకన్ల నుంచి రెండు నిమిషాలకి పెంచాను. 'సెంట్' అన్న లైనుని దాని అసలు చోటికి, ఎస్సెమ్మెస్ పంపే కంపెనీ 'తీసుకున్నాం' అని జవాబిచ్చిన తర్వాతకి, జరిపాను.

పనిలో పనిగా ఇంకోటి కూడా చేశాను. ల్యాబ్‌లో ఒక డాక్టరుగారు చాలా రోజులుగా అడుగుతున్నారు. రిపోర్టులు రాత్రి పదకొండుకి, పన్నెండుకి కూడా తయారవుతుంటాయి. ఆ టైములో ఫోన్ మోగితే మనుషులు నిద్రలో లేచి, అర్థంకాని అంకెలు చూసుకుని, అడగడానికి ఎవరూ లేక తెల్లారేదాకా అలాగే కూర్చుంటారు. "రాత్రి తొమ్మిది దాటితే పొద్దున ఎనిమిదికి పంపండయ్యా" అన్నారు. మంచి మాట. సెలెరీలో దానికి ఏర్పాటుంది. చీటీ మీద 'ఫలానా టైముకి ముందు చెయ్యొద్దు' అని రాయొచ్చు. రాశాను. పరీక్షించాను కూడా. రెండు నిమిషాల తర్వాత పంపమని పెట్టి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. రెండు నిమిషాలకి ఒక మెసేజ్ వచ్చింది. ఒక్కటే వచ్చింది.

పదిరోజుల తర్వాత సపోర్ట్ అమ్మాయి ఇంకో కాల్ రికార్డింగు పంపింది. కింద ఏమీ రాయలేదు.

"మా నాయనకు పొద్దున ఎనిమిదింటికి తొమ్మిది మెసేజీలొచ్చినయ్ మేడం. ఒకటెన్క ఒకటి. ఒకటొస్తే సూస్కుందుము. తొమ్మిదొచ్చినయంటే ఏదో పెద్దదే ఉన్నదని కూసున్న కాడ్నే కూసున్నడు. నన్ను ఫోన్ ముట్టనిస్తలేడు. ఏం లేదని జెర చెప్పుండ్రి మేడం."

ఆ అమ్మాయి ఏం లేదని చెప్పలేదు. చెప్పకూడదు, తను డాక్టర్ కాదు. రిపోర్టులో ఏముందో ఫోన్‌లో చెప్పే హక్కు తనకి లేదు. "సాంకేతిక లోపం వల్ల మెసేజ్ ఎక్కువసార్లు వచ్చిందండీ" అంది. అతను మళ్ళీ అడిగాడు: "అంటే ఏం లేనట్టేనా?" తను మళ్ళీ అదే అంది. మూడోసారి అడిగినప్పుడు ఆ అమ్మాయి గొంతు కొంచెం వణికింది.

సాంకేతిక లోపం. రైళ్ళు ఆగినప్పుడూ, పరీక్ష ఫలితాలు తారుమారైనప్పుడూ పేపర్లో చదివే మాట. వాన పడింది అన్నట్టు ఉంటుంది, ఎవరూ చేసినట్టు ఉండదు. ఆ లోపానికి ఒక పేరుంది, ఒక కుర్చీ ఉంది, ఆ పూట మధ్యాహ్నం క్యాంటీన్‌లో తిన్న పెరుగన్నం ఉంది. అది నేను.

*

ఈసారి లాగ్‌లో లేనిదేమీ లేదు. ఉన్నదే ఎక్కువ. ఒకే చీటీ, ఒకే నంబరు, రాత్రి 11:20కి 'రిసీవ్డ్'. మళ్ళీ 12:20కి. 1:20కి, 2:20కి, 3:20కి. అలా పొద్దున 7:20 దాకా. మొత్తం తొమ్మిది. ఎనిమిది గంటలకి తొమ్మిదీ ఒకేసారి నిద్రలేచి తొమ్మిది మెసేజీలు పంపాయి.

మళ్ళీ ఆ గంట.

రెడిస్ నిజానికి చీటీల కోసం పుట్టింది కాదు. వేగంగా రాసి వేగంగా చదవడానికి, మెమరీలో ఉండే గుర్తుల పుస్తకం లాంటిది. ఒకసారి చీటీ తీసుకుంటే, తీసుకున్నవాడు బతికున్నాడా చచ్చాడా అన్నది దానికి పట్టదు. ఆ లోటు పూడ్చడానికి సెలెరీ ఒక నియమం పెట్టుకుంది: తీసుకున్న చీటీని గంటలోగా చించకపోతే, తీసుకున్నవాడు పోయాడనుకుని, చీటీని తిరిగి డబ్బాలో వేస్తుంది. దాని పేరు విజిబిలిటీ టైమౌట్. మార్చకపోతే 3,600 సెకన్లు.

పొద్దున ఎనిమిదిదాకా ఆగమని రాసిన చీటీని వర్కర్ ఏం చేస్తుంది? డబ్బాలో వదిలెయ్యదు. తీసుకుని జేబులో పెట్టుకుని టైము కోసం చూస్తుంది. గంట గడిచింది. చించలేదు. చచ్చాడు కాబోలు అనుకుని సెలెరీ ఇంకో వర్కర్‌కి అదే చీటీ ఇచ్చింది. అది కూడా జేబులో పెట్టుకుంది. తెల్లారేసరికి ఒకే చీటీ తొమ్మిది జేబుల్లో ఉంది. అందరూ తమ పని తాము సక్రమంగా చేశారు. ఓపిగ్గా ఎదురుచూడటానికీ చచ్చిపోవడానికీ తేడా బయటనుంచి తెలియదు. అంతే జరిగింది.

ఈ సంగతి సెలెరీ డాక్యుమెంటేషన్లో రెడిస్ పేజీలో స్పష్టంగా రాసి ఉంది. ఆ పేజీ నేను చదివాను. రెండు నిమిషాలతో పరీక్షిస్తే గంట సమస్య కనబడదన్నది చదవాల్సిన అవసరం లేని సంగతి.

*

మొదట తోచిన మందు, ఆ గంటని పన్నెండు గంటలు చెయ్యడం. చేస్తే తొమ్మిది మెసేజీలు రావు. కానీ వర్కర్ నిజంగా చచ్చిపోయిన రోజు, దాని చేతిలో ఉన్న రిపోర్టు పన్నెండు గంటలు ఆగుతుంది. ఇటు తగ్గిస్తే అటు పెరుగుతుంది. రెండు రోజులు దాని చుట్టూ తిరిగాక, నేను బగ్ వెతకడం మానేసి ఏది నష్టపోవాలో ఎంచుకుంటున్నానని అర్థమైంది.

ఇది నా కోడ్‌కి మాత్రమే పట్టిన పీడ కాదు. 1975లో అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అని ముగ్గురు రాసిన పేపర్లో ఈ చిక్కుముడి ఉంది. (ఏకనాథం అన్న పేరు చూసి, మన వీధిలో మనిషి ఎదురైనట్టు ఒక్క క్షణం ఆగాను.) వాళ్ళు గ్యాంగ్‌స్టర్ల కథగా చెప్పారు. 1978లో జిమ్ గ్రే దాన్ని సైన్యాధిపతుల కథ చేశాడు. రెండు కొండల మీద రెండు సైన్యాలు, మధ్య లోయలో శత్రువు. ఇద్దరూ ఒకేసారి దాడి చేస్తేనే గెలుపు. ఒకరు దూతని పంపుతారు: రేపు పొద్దున దాడి అని. దూత చేరాడో లేదో తెలియదు. అవతలివాడు 'అందింది' అని దూతని పంపాలి. ఆ దూత చేరాడో లేదో అతనికి తెలియదు. దానికి మళ్ళీ జవాబు కావాలి. ఎన్ని జవాబులు పంపుకున్నా ఆఖరి దూత సంగతి ఎప్పుడూ తేలదు. మధ్యలో దారి నమ్మదగింది కానప్పుడు ఇద్దరికీ పూర్తి నిశ్చయం కలగడం అసాధ్యం. కష్టం కాదు, అసాధ్యం. దానికి రుజువుంది.

కాబట్టి సందేశం పంపేవాడికి రెండే దారులు. తప్పిపోయినా సరే ఒక్కసారే పంపడం. లేదా రెండుసార్లు చేరినా సరే, చేరిందని తెలిసేదాకా పంపడం. సరిగ్గా ఒక్కసారి చేర్చే మూడో దారి కావాలంటే అందుకునేవాడి సాయం ఉండాలి. 'ఇది నాకు ముందే వచ్చింది' అని గుర్తుపట్టి రెండోదాన్ని పక్కన పడెయ్యగలగాలి. డేటాబేస్ అయితే ఆ పని చేస్తుంది. కూర్చున్నచోటే కూర్చుండిపోయిన ఆ పెద్దాయన చెయ్యలేడు. ఆయన దృష్టిలో తొమ్మిది మెసేజీలంటే ఒకే మెసేజ్ తొమ్మిదిసార్లు కాదు. తొమ్మిదింతల కబురు.

రాత్రి చీటీల్ని రెడిస్‌లో పెట్టడం మానేశాం. డేటాబేస్‌లో ఒక పట్టిక పెట్టి, పొద్దున ఎనిమిదికి అందులోంచి తీసి పంపేలా మార్చాం. పంపిన ప్రతి రిపోర్టుకీ ఎదురుగా పంపిన టైము రాస్తాం. టైము ఉంటే మళ్ళీ పంపదు. ఇక్కడ కూడా చిన్న ప్రశ్న మిగిలింది: ఆ టైము పంపే ముందు రాయాలా, పంపాక రాయాలా? ముందు రాసి, పంపే లోపల చస్తే, మెసేజ్ పోతుంది. పంపి, రాసే లోపల చస్తే, రెండోసారి వెళ్తుంది. అదే దోశ, అదే చీటీ. చిక్కు ఒక సెకనులో పట్టేంత చిన్నదయింది, కానీ పోలేదు.

"అన్నా, ముందా తర్వాతా?" అని టీమ్ లీడ్‌ని అడిగాను.

"నన్నెందుకు అడుగుతున్నవ్? ఇది మనం తేల్చేది కాదు, ల్యాబ్ వాళ్ళనడుగు" అన్నాడు.

ఏడాదిన్నర క్రితం ఇది నేను ఎవర్నీ అడక్కుండా తేల్చేశాను. తేల్చానని కూడా తెలియకుండా.

ఆ డాక్టరుగారికి ఫోన్ చేసి, సెలెరీ, రెడిస్ మాటలేవీ లేకుండా అడిగాను. ఎప్పుడో ఒకసారి తప్పు జరగక తప్పదు సార్, రిపోర్టు మెసేజ్ రెండుసార్లు రావడం నయమా, అసలు రాకపోవడం నయమా? ఆయన ఆలోచించలేదు.

"రెండుసార్లొస్తే మనకి ఫోన్ చేసి తిడతారయ్యా. రాకపోతే చెయ్యరు."

*

నేను చదువుకోడానికి హైదరాబాద్ వచ్చిన కొత్తలో, ఖమ్మం బస్టాండులో అమ్మ ప్రతిసారీ ఒకటే చెప్పేది. "చేరంగనే ఒక్క రింగియ్యి." ఫోన్ ఎత్తేది కాదు. ఒక్క రింగు, కట్. బ్యాలెన్సు ఖర్చు కాకుండా చేరినట్టు లెక్క. ఒకసారి హాస్టల్‌కి చేరగానే నిద్రపోయాను. రింగివ్వలేదు. లేచేసరికి పదిహేడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. రూమ్మేట్ నంబరు ఎక్కడ సంపాదించిందో, అతనికి కూడా చేసింది. విసుక్కున్నాను. "నేనొచ్చేశానని తెలుసు కదమ్మా, బస్సెక్కించింది నువ్వే కదా" అన్నాను.

"ఎక్కించింది నాకు తెలుసు. దిగింది నాకెట్ల తెలుస్తది?"

డిలే కింది లైనులో 'సెంట్' అని రాసినప్పుడు, నేను బస్సెక్కించి ఇంటికొచ్చి పడుకున్నాను.

ఎస్సెమ్మెస్ పంపే కంపెనీలు ఫోన్‌కి చేరిందో లేదో డెలివరీ రసీదు పంపిస్తాయి. అది మాకు మొదట్నించీ వస్తూనే ఉంది. మేం తీసుకుని ఎక్కడా పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాం. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి ఒక చిన్న ప్రోగ్రాం నడుస్తుంది: రిపోర్టు తయారై ఒక రోజు దాటింది, రసీదు రాలేదు, లింకు ఎవరూ తెరవలేదు. వీటన్నిటినీ ఒక జాబితాగా రాస్తుంది. ఆ పేజీకి 'చేరనివి' అని పేరు పెట్టాను. అందులో తెలివైన కోడేమీ లేదు. అప్పుడు లాగులు దించి చేసిన తీసివేతే, రోజూ ఒకసారి.

మొదటిరోజు జాబితాలో పదకొండు పేర్లు వచ్చాయి. మళ్ళీ ఏం చేశానా అని గుండె ఝల్లుమంది. చూస్తే సెలెరీ తప్పు ఒక్కటీ లేదు. ఒకరి నంబరులో అంకె తప్పు. ఇద్దరి సిమ్‌లు మారాయి. ఒకరి ఫోన్ మూడు రోజులుగా స్విచ్చాఫ్. ఒకావిడ ఇచ్చింది పక్కన కిరాణా కొట్టు నంబరు. ఏడాదిన్నరగా ఇలాంటివాళ్ళు రోజూ ఉన్నారన్నమాట. క్యూ సక్రమంగా పనిచేసిన రోజుల్లో కూడా.

ఈ జాబితా చూసి ఏం చెయ్యాలో కోడ్‌కి తెలియదు. సపోర్ట్ అమ్మాయి చేస్తుంది. ఫోన్ తీసి ఒక్కొక్కరికీ చేస్తుంది. ఆ మొదటిరోజు తన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కిరాణా కొట్టు నంబరుకి చేస్తే ఎవరో ఎత్తి, "ఆగుండ్రి, పిలుస్త" అని ఫోన్ కౌంటర్ మీద పెట్టేశారు. పప్పు తూస్తున్న చప్పుడు, పిల్లాడెవరో చాక్లెట్ అడగడం వినిపించాయి. మూడు నిమిషాలకి ఒకావిడ ఆయాసపడుతూ వచ్చి "హలో" అంది.

"అమ్మా, మీ రిపోర్టు తయారై రెండ్రోజులయింది. మెసేజ్ చేరలేదని ఫోన్ చేశాం. ల్యాబ్‌కొచ్చి తీసుకుంటారా, వేరే నంబరేమన్నా ఇస్తారా?"

"మీరే చేసిండ్రా తల్లీ" అంది ఆవిడ. "రాలేదంటే ఏం లేదేమో అనుకున్న."

ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. పేరు పక్కన 'మాట్లాడాం' అని రాసుకుని, తర్వాతి నంబరు నొక్కింది.